పెత్రమాసకు రస్కులు

పాలకొల్లులో బస్సు దిగి ఇంటికి చేరానో లేదో మా వీధి ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. వేములవాడ గుడికి వెళ్లావా, కొండగట్టు ఎక్కావా, ధర్మపురిలో స్నానం చేశావా అని ఒకటే ప్రశ్నలు. ఏదీ చేయలేదు. వేములవాడ బస్సు కిటికీలోంచి వెనక్కి వెళ్లిపోతుంటే చేతులు జోడించాను, అంతే. నేను చూసొచ్చింది వేరే. అది నోటితో చెప్పలేకపోయాను. పచ్చళ్లు అమ్ముకునేదాన్ని, నా నోటికి వీధి వీధంతా హడలిపోతుంది. ఆ నోరు పెగల్లేదంటే ఆలోచించండి. అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

జ్యోతి మా అక్క కూతురు. హైదరాబాదులో నర్సుగా పనిచేసే రోజుల్లో కోరుట్ల కుర్రాడు గంగాధర్‌ని ఇష్టపడి చేసుకుంది. పాప పుట్టాక అతను గల్ఫ్ వెళ్లాడు, ఇది కోరుట్లలో అత్తగారి దగ్గర ఉండిపోయింది. ఆ కాపురం ఫోన్లోనే నడిచి ఫోన్లోనే విరిగింది. జ్యోతి పుట్టింటికి వచ్చేసేటప్పుడు పాప సహస్రకి పరీక్షలు. "పరీక్షలు అయినంక తోలుతం" అన్నారు అత్తింటివాళ్లు. పరీక్షలయ్యాయి, పిల్ల పై తరగతికి కూడా వెళ్లింది, పాలకొల్లు మాత్రం రాలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. తీర్పు వచ్చేదాకా పిల్ల బడి మారకూడదు కాబట్టి నాయనమ్మ దగ్గరే ఉంటుందనీ, తల్లి ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడవచ్చనీ, దసరా సెలవుల మొదట్లో పగటిపూట పిల్లని తన దగ్గర ఉంచుకోవచ్చనీ జడ్జిగారు రాశారు.

ఎండాకాలం నుంచి ఆ ఆదివారాలు ఆగిపోయాయి. ఒకసారి ఫోన్ పగిలింది, ఒకసారి నెట్ లేదు, ఒకసారి పిల్ల నిద్రపోయింది. ఆ సాకులు విని విని జ్యోతి సగమైంది. సెలవులు ఇచ్చారని తెలియగానే, "పిన్నీ, నువ్వు తోడొస్తావా? నేనొక్కదాన్నే ఆ గుమ్మం ముందు నిలబడలేను" అంది. ఆవకాయ జాడీలకి వాసెన కట్టేసి బయలుదేరాను.

జగిత్యాల: ఫోన్‌లో ఉండే బాపు

జగిత్యాలలో మొదటి పని వకీలుగారిని కలవడం. మనిషి మంచివాడే, కానీ నా మొహం చూడగానే నా సంగతి పసిగట్టేశాడు. "అమ్మా, ఆర్డర్ కాయితం చూపెట్టుండ్రి, పిల్లను అడుగుండ్రి. లొల్లి మాత్రం పెట్టుకోకుండ్రి. ముఖ్యంగ మీరు" అని నా వైపే వేలు చూపించాడు. నేను లొల్లి మనిషినని ఆయనకెవరు చెప్పారో!

బయట ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాం. ఎనభై రూపాయలకి వడ్డించినంత తినొచ్చు. గిన్నెలో చింతపండు నీళ్లలో పచ్చి ఉల్లిపాయలు తేలుతుంటే, పాపం చారు కాచడం మర్చిపోయారనుకుని వడ్డించే ఆవిడతో మెల్లగా చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. అది పచ్చిపులుసట, పొయ్యి మీద పెట్టరట. చారులో కూడా బెల్లం ముక్క వేసుకునే మా గోదావరి నాలుకకి మొదటి ముద్ద ఝల్లుమంది. మూడో ముద్దకి ఇంకో గరిటె అడిగాను.

ఆవిడ కూతురు, మూడేళ్లుంటాయేమో, బల్లల మధ్య తిరుగుతోంది. మీ ఆయన ఏం చేస్తాడని అడిగితే దుబాయిలో ఉన్నాడని చెప్పింది.

"ఇది కడుపుల ఉన్నప్పుడు పోయిండు. మొన్న సెలవు మీద అచ్చిండు. గుమ్మంల నిలబడంగనే ఇది ఒక్కటే ఏడ్సుడు. ఫోన్‌ల ఉండే బాపు బయటికెట్ల అచ్చిండని."

నాన్నని వాళ్లు బాపు అంటారు. నేను పకపకా నవ్వేశాను. "మరి తర్వాతైనా అలవాటైందా?"

"ఏడ అలవాటైతది? అయ్యేటాళ్లకు మల్ల పోయిండు."

నాకు నవ్వు ఆగిపోయింది. జ్యోతి అయితే అసలు నవ్వనే లేదు. ఆ పిల్ల చేతిలో ఒక అరటిపండు పెట్టి లేచి చేయి కడుక్కుంది.

కోరుట్ల: బీడీల అరుగు

కోరుట్ల చుట్టుపక్కలంతా పసుపు పండే నేల. పచ్చళ్ల మనిషిని కదా, బస్సు దిగగానే ఒక కొట్టులో కొమ్ము విరిచి చూశాను. లోపల ముదురు నారింజ రంగు! మా ఊళ్లో పొట్లాల్లో అమ్మేది పసుపే కాదని అక్కడికక్కడే ఒప్పేసుకుని రెండు కిలోలు తీసుకున్నాను. జ్యోతి విసుక్కుంది. "వచ్చిన పనేంటి, నువ్వు చేసే పనేంటి పిన్నీ" అని. భయం వేసినప్పుడు బేరమాడటం నాకు అలవాటని దానికి తెలీదు.

గల్ఫ్ డబ్బుతో లేచిన మేడలు, వాటికి గులాబీ, ఆకుపచ్చ రంగులు, వాటి నీడలో చిన్న చిన్న పెంకుటిళ్లు. ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించడం, పొగాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, ఇవన్నీ చేతులు చేసుకుపోతుంటాయి, కళ్లు మాత్రం వీధిలో పోయేవాళ్ల మీద ఉంటాయి. 

జ్యోతి అత్తగారి పేరు రాజవ్వ. ఆవిడ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద బీడీలు చుట్టే ఒకావిడ మమ్మల్ని చూసి తనే పలకరించింది.

"రాజవ్వ లేదమ్మా. నిన్ననే సిరిసిల్ల పోయింది, బిడ్డ లత ఇంటికి. మన్మరాలిని గూడ తీస్కపోయింది. మీరెవలు?"

"చుట్టాలం. పండగ పూట సొంతిల్లు వదిలి వెళ్లడమేంటి?" అన్నాను.

"రేపు పెత్రమాస గదా. గా పిల్లకు తల్లి లేదు, పాపం. బళ్లె ఎవలో చెప్పిండ్రట. తల్లి పేరు మీద బియ్యం ఇత్తనని ఒక్కటే పట్టు పట్టింది. ఈడనే ఇయ్యరాదా అంటే రాజవ్వ ఇనలే. సిరిసిల్లల ఇత్తం అన్నది."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పెత్రమాస అంటే మన మహాలయ అమావాస్య. మా వైపు ఆ రోజు మగవాళ్లు తర్పణాలు వదులుతారు, ఆడవాళ్లం వంటింట్లో ఉంటాం. అక్కడ ఆడవాళ్లు కూడా పళ్లెంలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టుకుని గుడికి వెళ్లి, పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి, అంటే పూజారికి, ఇస్తారు. దాన్ని బియ్యం ఇవ్వడం అంటారు. పోయినవాళ్లకి ఇష్టమైనది ఏదైనా ఉంటే అదీ పళ్లెంలో పెడతారు. సాయంత్రం బతుకమ్మ మొదలు.

జ్యోతి అరుగు మీద కూలబడి, ఎవరి సంగతో అడిగినట్టు అడిగింది.

"ఆ తల్లి ఎలా పోయిందంటండీ?"

"బస్సు కింద పడ్డదట. ఆంధ్రల ఏడనో. మొన్న ఎండకాలం. మేం గీ ఇంట్లకు అటెంక అచ్చినం, నేనైతే ఆమెను చూడలే."

"అక్కడికక్కడే పోయిందా?"

"గట్లనే అన్నరమ్మా. మంచిదట పాపం, నర్సట."

"ఆ నర్సు నేనేనండి" అంది జ్యోతి.

చాట జారి తునికాకు, పొగాకు అరుగంతా పరుచుకున్నాయి. "అవ్వో! నా తల్లో!" అని ఆవిడ గుండె మీద చేయి వేసుకుంది. తర్వాత ఆ చేత్తోనే జ్యోతి చేతిని తడిమి చూసింది, వెచ్చగా ఉందో లేదో అన్నట్టు. నాకు యాభై దాటాయి, ఎన్నో చావులు చూశాను. బతికున్న మనిషి తన చావు ఎలా జరిగిందో అడిగి తెలుసుకోవడం చూడలేదు.

ఆవిడ చాయ్ పెట్టి తెచ్చింది. జ్యోతికి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది. "పొద్దుగాల మొదటి బస్సుకే పోండ్రి బిడ్డా. బతికున్నోళ్లకు బియ్యం ఇయ్యద్దు, ఆయుష్షు తక్కువైతదంటరు. ఇయ్యనీయకుండ్రి" అని మళ్లీ మళ్లీ చెప్పింది.

సిరిసిల్ల: అమావాస్య నాడు

పొద్దున్నే బస్సెక్కాం. పిల్ల కోసం మోసుకొచ్చిన పూతరేకుల డబ్బా మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. మామూలు రోజైతే ఆయనకి నా నోటి సంగతి తెలిసేది. ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. "పిన్నీ, నేనెదురుగా వెళితే అది జడుసుకుంటుందేమో" అని జ్యోతి దారంతా అంటూనే ఉంది. చచ్చిపోయిందనుకున్న తల్లి గుమ్మంలోకొస్తే ఏ పిల్ల జడుసుకోదు? నాకు జగిత్యాల మెస్సులో పిల్ల గుర్తొచ్చింది. అయినా జ్యోతితో, "నోర్మూసుకో, ఏం కాదు" అన్నాను.

సిరిసిల్ల అంటే మరమగ్గాల ఊరు. వాటిని అక్కడ సాంచాలు అంటారు. అమావాస్య కాబట్టి ఆ రోజు చాలావరకు బంద్. లత ఇంటి వాకిట్లో తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలుగా పోసి ఉన్నాయి. లత తల ఎత్తి చూసి, "వదినా!" అని ఒక్క కేక పెట్టి నోరు మూసుకుంది. తర్వాత నేల చూపులు చూస్తూ, "గుడి కాడికి పోయిండ్రు. నేను వద్దని మొత్తుకున్న వదినా, నీ మీద ఒట్టు" అంది. జ్యోతి ఆగకుండా గుడి వైపు పరుగు తీసింది. నేను మాత్రం, "నీ సంగతి వచ్చాక చూస్తా" అనేసి జ్యోతి వెనకాల పరిగెత్తాను.

గుడి ఆవరణలో అయ్యగార్లు వరసగా కూర్చున్నారు. వాళ్ల ముందు పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు. ఆ చివర్లో, పట్టు లంగా వేసుకుని రెండు జడలతో సహస్ర. అవే జడలు, అదే నుదురు, ఏడాదిన్నరలో జానెడు పొడుగైంది. చేతుల్లో పళ్లెం పట్టలేనంత బరువు. బియ్యం, పప్పు, ఒక బీరకాయ, గుమ్మడి ముక్క. పైన ఒక రస్కుల ప్యాకెట్. రోజూ చాయ్‌లో రస్కు ముంచుకుని తినందే జ్యోతికి తెల్లవారదు. పిల్ల మర్చిపోలేదు.

జ్యోతి నా చేయి పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు ఒకటి చిట్లింది. పిలువు, పిలవవేంటే అన్నాను. దానికి గొంతు రాలేదు. నేను పిలుద్దామంటే నాకూ రాలేదు. మేమిద్దరం అలా మానుల్లాగా నిలబడి ఉండగానే అయ్యగారు పళ్లెం అందుకున్నాడు.

"ఎవరి పేరు మీదమ్మా?"

పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని దండం పెట్టుకుంది. వెనకాల నిలబడ్డ రాజవ్వ వంగి అయ్యగారి చెవి దగ్గర మెల్లగా ఒక పేరు చెప్పింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆవిడ చెప్పిన పేరు జ్యోతి కాదు. "రాజవ్వ."

మతి పోయిందా ఈవిడకి అనుకున్నాను. అయ్యగారు మంత్రం చదివి, ఆ పేరే గొణిగి, అక్షింతలు చల్లాడు. రాజవ్వ నడుం ఎత్తి వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు పెగిలింది నా నోరు. "నీ నోట్లో మన్ను పడ! బతికున్న పిల్లని చంపుతావటే!" అని గుడంతా అదిరేలా అరిచాను. పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లందరూ తిరిగి చూశారు. సహస్ర కళ్లు తెరిచి ఇటు తిరిగింది.

అది జడుసుకోలేదు. ఏడవలేదు. నేనూ, జ్యోతీ, రాజవ్వా, అయ్యగారూ, అంతమందిమి కొయ్యబారిపోతే, ఆ ఏడేళ్ల పిల్ల ఒక్కతే, రావలసిన బస్సు వచ్చినట్టు మొహం పెట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. 

"అమ్మా, రస్కులు అందినయా?"

జ్యోతి నేల మీద మోకాళ్ల మీద పడిపోయింది. పిల్లని గుండెకి అదుముకుని, "నేను చావలేదే నా తల్లీ, నేను బతికే ఉన్నానే" అని ఏడ్చింది.

"ఆఁ. గిప్పుడే ఇచ్చిన గద. అందుకే అచ్చినవ్" అంది సహస్ర, తల్లి కళ్లు తుడుస్తూ.

గుడి మెట్ల మీద రాజవ్వ

వకీలుగారు చెప్పింది నేను మర్చిపోలేదు. లొల్లి పెట్టకూడదనే వెళ్లి పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక పెట్టాను. కోర్టు చెప్పిన ఆదివారాలు ఎగ్గొట్టడం ఒక ఎత్తు, పసిదానితో తల్లికి బియ్యం ఇప్పించడం ఒక ఎత్తు, నువ్వు మనిషివేనా అని అడిగాను. రాజవ్వ నోట్లో కుక్కుకున్న కొంగు తీసింది. 

"ఫోన్ పెట్టేసినంక పిల్ల రెండు దినాలు బువ్వ ముట్టకపోతుండె. జరంతోని పెయ్యి కాలుతుండె. మా పోరడు గంగాధరేమో ఫోన్ ఇయ్యద్దనబట్టె. ఒకనాడు అమ్మ గావాలె, అమ్మ గావాలె అని గోడకు తల కొట్టుకున్నది. మీ అమ్మ సచ్చిపోయిందే అన్న. నోట్లకెల్లి ఎల్లింది. మల్ల లోపటికి పోతదా? గా దినం సంది పిల్ల అడుగుడు బంద్ చేసింది, బువ్వ తిన్నది. గట్లనే ఉంచిన."

"మరి ఇవాళ?"

"పెత్రమాస యాదికే లేకపాయె నాకు. అందరూ ఇత్తున్నరు, మా అమ్మకు నేనిత్త అని పట్టు పట్టె. కోరుట్లల ఇత్తే, తల్లి బతికున్నదని పాతోళ్లందరికి తెల్సు, ముఖం మీద ఉమ్ముతరు. అందుకే ఈడికి తెచ్చిన."

"మరి ఆ అయ్యగారికి నీ పేరెందుకు చెప్పావు?"

ఆవిడ నా వైపు ఆశ్చర్యంగా చూసింది, అది కూడా తెలీదా అన్నట్టు. 

"బతికున్న పిల్ల పేరెట్ల చెప్తనమ్మా? పెద్దదాన్ని, నాకు తాకితే తాకనీ."

తల్లి చచ్చిపోయిందని చెప్పి పిల్లని దాచేసిన మనిషి, ఆ తల్లి ఆయుష్షు కోసం తన పేరు మీద తనే బియ్యం ఇచ్చుకుంది. ఇలాంటి మనిషిని తిట్టాలో, ఆమె కాళ్లకి దండం పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. క్షమించానా అంటే లేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. "క్షమించకుండ్రి" అంది.

సాంచాల చప్పుడులో

ఆ సెలవు రోజులు మేము సిరిసిల్లలోనే ఒక గది తీసుకుని ఉన్నాం. లత పొద్దున్నే పిల్లని దింపి, సాయంత్రం తీసుకెళ్లేది. అమావాస్య దాటాక సాంచాలు మొదలయ్యాయి. గోడలు, మంచం, నీళ్ల చెంబు అన్నీ సన్నగా అదిరేవి. మొదటి రోజు తలనొప్పి వచ్చింది, తర్వాత అవి ఆగితేనే మెలకువ వచ్చేది.

పొడి పొడి అయిన పూతరేకులు చూసి సహస్ర, "గీ కాయితం తినాల్నా?" అని అనుమానంగా అడిగింది. తిన్నాక డబ్బా వదల్లేదు. నన్ను అమ్మమ్మా అని పిలిచింది. నాకు మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, రుచి చూపించింది, సాయంత్రాలు బతుకమ్మ ఆడటం నేర్పబోయింది. నా కాళ్లకి ఆ తాళం పట్టుబడలేదు. జ్యోతి మాత్రం రోజూ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని అదే చెప్పింది. బస్సు కింద పడలేదు, పాలకొల్లులో ఉన్నాను, రోజూ డ్యూటీకి వెళుతున్నాను అని. పిల్ల ఆఁ ఆఁ అని తల ఊపేది. ఊపుతూ తల్లి చేతి గాజులు పైకీ కిందకీ జరుపుకునేది.

జరిగినదంతా జ్యోతి ఫోన్లో వకీలుగారికి చెప్పింది. ఇది జడ్జిగారి ముందు పెడితే పిల్ల నీ దగ్గరికి రావచ్చు, కానీ వచ్చే వాయిదా దాకా ఆగాలి అన్నాడట. పెట్టమని చెప్పింది. రాజవ్వకి ఆ మాట తనే చెప్పింది కూడా. ఆవిడ ఎదురు చెప్పలేదు. ఐతారం ఐతారం, అంటే ఆదివారం ఆదివారం, ఫోన్ చేయిస్తానని బతుకమ్మ మీద ఒట్టు పెట్టింది. 

బస్టాండు

బయలుదేరే రోజు రాజవ్వ పిల్లని తీసుకుని బస్టాండుకి వచ్చింది. జ్యోతికి ఒక సంచి ఇచ్చింది. అందులో రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు, సత్తు పిండి ఉన్నాయి. జ్యోతి తీసుకుని భుజానికి తగిలించుకుంది. పిల్ల ఏడుస్తుందేమోనని మేం ముగ్గురం బిక్కుబిక్కుమంటున్నాం. అది ఏడవలేదు. "వచ్చే ఆదివారం ఫోన్లో మాట్లాడుకుందాం, సరేనా" అని జ్యోతి అంటే సరేనంది.

జ్యోతి సామాన్లు పెట్టడానికి బస్సెక్కింది. అప్పుడు సహస్ర నా చీర కుచ్చిళ్లు లాగి, వాళ్ల బాపమ్మకి వినపడకుండా నా చెవి దగ్గరికి వచ్చింది. బాపమ్మ అంటే అక్కడ నాయనమ్మ.

"అమ్మమ్మా, బియ్యం ఏడాదికి ఒక్కసారే ఇయ్యాల్నా? ఐతారం ఐతారం గూడ ఇయ్యచ్చా?"